నీలిపిడుగు పార్టీ, ఉక్కుడేగ పార్టీ

సూపర్ హీరో సినిమాల మీద ప్రతి మనిషికీ ఒక సొంత అభిప్రాయం ఉండటం, ఎవరూ అడక్కపోయినా దాన్ని నలుగురికీ చెప్పటం మన సమాజానికి పట్టిన మహాభాగ్యం! ఈ మాట కాదన్నవాళ్ళు ఒకసారి ఏలూరు వచ్చి నరేంద్రని కలవాలి. కలిస్తే చాలు, వాళ్ళేమీ మాట్లాడనక్కర్లేదు. మాట్లాడే అవకాశమూ ఉండదు.

పూర్వం మనుషులు ఎదురుపడితే ఏం మాట్లాడుకునేవాళ్ళు? వానలు పడ్డాయా, ఒంట్లో ఎలా ఉంది, అమ్మాయి నీళ్ళోసుకుందా... ఇలాంటి చిల్లర సంగతులు! వాటివల్ల ఎవరికైనా జ్ఞానం పెరిగిందా? అదే ఇప్పుడు చూడండి. పెళ్ళాం, పిల్లలు, వ్యాపారం, బీపీ అన్నీ ఉన్న పెద్దమనిషి టీకొట్టు దగ్గర నిలబడి, ఆకాశంలోంచి ఊడిపడ్డ రాక్షసుణ్ణి ముందు ఎడమచేత్తో కొట్టాలా కుడిచేత్తో కొట్టాలా అని టీ చల్లారిపోయేదాకా వాదిస్తున్నాడు. ఇది ప్రగతి కాకపోతే మరేమిటి?

నరేంద్రది తాడేపల్లిగూడెం. తండ్రి హనుమంతరావు గారు అక్కడ ఉల్లిపాయల టోకు వ్యాపారి. కొడుక్కి ఆ ఘాటు పడలేదు. ఏలూరొచ్చి కైకలూరు రోడ్డులో ఏరేటర్ల షాపు పెట్టాడు. ఏరేటరంటే చేపల చెరువులో తేలుతూ, తెడ్లతో నీళ్ళు చిలికి చేపలకి గాలి అందించే యంత్రం. కొల్లేరు చుట్టుపక్కల చెరువున్న ప్రతివాళ్ళకీ అది ఇంట్లో ఫ్యాను కన్నా ముఖ్యం. ఫ్యాను ఆగితే మనిషి విసనకర్ర పుచ్చుకుంటాడు. చేపకి ఆ సౌకర్యం లేదు.

షాపులో భాగస్వామి నెల్సన్. దెందులూరు దగ్గర పల్లెటూరు వాడు. ఇద్దరూ పాలిటెక్నిక్‌లో ఒకే బెంచీ మీద కూర్చుని చదివారు, ఒకే సబ్జెక్టు తప్పారు, ఒకేసారి పాసయ్యారు. షాపులో అమ్మకం నరేంద్రది, రిపేరు నెల్సన్‌ది. ఏ చెరువులో మోటారు ఆగినా ఫోను రాగానే నరేంద్ర సామాను సర్దేవాడు, నెల్సన్ ట్రాలీ ఆటో తీసేవాడు. ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు, కలిసి వచ్చేవాళ్ళు, దారిలో బజ్జీలు కలిసి తినేవాళ్ళు. ఇంత స్నేహంలోనూ ఒక లోటు ఉండేది. ఇద్దరికీ అభిప్రాయాలు లేవు!

ఆ లోటు డబ్బింగ్ సినిమాలు తీర్చాయి.

మొదట 'నీలిపిడుగు' వచ్చింది. అందులో హీరో మీద పిడుగు పడుతుంది. అతను చావకపోగా, అప్పట్నుంచీ వేళ్ళలోంచి కరెంటు వదులుతూ దుర్మార్గుల్ని మాడ్చేస్తుంటాడు. ఆ తర్వాత 'ఉక్కుడేగ' వచ్చింది. అందులో హీరో వీపుకి ఉక్కు రెక్కలు తగిలించుకుని మేడల మధ్య ఎగురుతాడు. మొదటిది ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమా, రెండోది పరమ చెత్త అని నరేంద్ర తేల్చాడు. సరిగ్గా దీన్నే తిరగేసి నెల్సన్ తేల్చాడు.

“ఒంట్లోకి అంత కరెంటెక్కినోడు హీరో అవుతాడేంట్రా? మన లైన్‌మేన్‌ని అడుగు, ఏమవుతాడో చెప్తాడు,” అన్నాడు నెల్సన్, స్క్రూడ్రైవర్ ఊపుతూ.

“మరి మీ డేగో? అంత ఉక్కు పైకి లేవాలంటే ఇరవై హెచ్‌పీ మోటారన్నా ఉండాలి. దానికి బ్యాటరీ ఎక్కడ పెట్టాడు, జేబులోనా?” అన్నాడు నరేంద్ర.

గోదావరి నీళ్ళు తాగే మనుషుల్లో ఒక సుగుణం ఉంది. కోపం ముదిరిన కొద్దీ మర్యాద పెరుగుతుంది. మొదటి వారం 'ఏరా' అనుకున్నారు. రెండో వారం 'ఏవయ్యా' దాకా వచ్చారు. నెల తిరిగేసరికి “నెల్సన్ గారూ, తమకి సినిమా అర్థం కాలేదండీ,” “నరేంద్ర గారూ, తమకి అర్థమైతే మాకూ కాస్త చెప్పండీ,” అనుకునే స్థితికి చేరారు. బయటివాళ్ళు విని, ఎంత పద్ధతిగల మనుషులో అని మురిసిపోయారు.

ఇక అభిప్రాయం వల్ల కలిగిన లాభాలు చూడండి!

నల్లజర్లలో నరేంద్ర బావమరిది పెళ్ళి. వధూవరులు తలంబ్రాలు పోసుకుంటుంటే, నరేంద్ర వెనకనుంచి పెళ్ళికొడుకు చెవిలో నీలిపిడుగు క్లైమాక్సు వివరించాడు. పెళ్ళికొడుకు ఉక్కుడేగ పార్టీ అని అప్పుడే బయటపడింది. లేకపోతే ఆ నిజం ఎప్పటికి తెలిసేది? భోజనాల దగ్గర బంధువులంతా రెండు పంక్తులుగా చీలిపోయారు. వడ్డించేవాళ్ళకి ఎంత సుళువు!

తాడేపల్లిగూడెంలో హనుమంతరావు గారు రెండు సినిమాలూ చూడలేదు. అయినా నీలిపిడుగే గొప్పదని మార్కెట్టంతా చెప్పారు. చూసి చెప్పే అభిప్రాయంలో ఎంతో కొంత కల్తీ ఉంటుంది. చూడకుండా చెప్పేదే స్వచ్ఛమైనది!

అటు దెందులూరు చర్చిలో పాస్టర్ వరదానం గారు సోదరులంతా ఐక్యంగా ఉండాలని ప్రసంగించి కిందికి దిగగానే, నెల్సన్ చేతులు పట్టుకుని, “అంతా సరేగానీ బాబూ, ఆ రెక్కలు ముడుచుకునే సీను మాత్రం అద్భుతం,” అన్నారట.

ఇంట్లో నరేంద్ర భార్య భార్గవికి మాత్రం ఈ భాగ్యం విలువ తెలియలేదు. ఒక ఆదివారం నరేంద్ర తనకే శక్తులొస్తే ఏమేం చేస్తాడో వర్ణిస్తుంటే, ఆవిడ కూర కలుపుతూనే, “మీకు శక్తులొస్తే లోకాన్ని తర్వాత కాపాడుదురుగానీ, ముందు ఆ గ్యాస్ బండ మేడ మీదికి తెచ్చిపెట్టండి,” అంది.

నరేంద్ర నొచ్చుకున్నాడు. గొప్పవాళ్ళని ఇంట్లోవాళ్ళు ఏనాడు గుర్తించారు గనక!

చివరికి అభిప్రాయభేదం వ్యాపారందాకా వచ్చింది. ఒకనాడు నెల్సన్ ఒక కొత్త ఏరేటర్ మీద డేగ బొమ్మ స్టిక్కరు అంటించాడు. నరేంద్ర దాన్ని గోటితో గీకి తీసేశాడు. అంతే! సాయంత్రానికి షాపు మధ్యన నేల మీద తెల్లరంగుతో గీత పడింది. గీతకి ఇవతల సామానూ, షాపు ఫోనూ నరేంద్రవి. అవతల పనిముట్లూ, ట్రాలీ ఆటో నెల్సన్‌వి. మోటారు స్టార్టరు ఉన్నవాడికి బిగించటం రాదు. బిగించటం వచ్చినవాడి దగ్గర స్టార్టరు లేదు. అయితేనేం, ఇద్దరి దగ్గరా అభిప్రాయాలు పుష్కలంగా ఉన్నాయి.

రాత్రిళ్ళు పడుకునే ముందు నరేంద్రకి కాస్త వెలితిగా ఉండేది. బజ్జీలు ఒక్కడే తింటే నూనె వాసన తెలుస్తోంది. నెల్సన్ వచ్చి, 'పోనీలేరా' అంటే తనూ 'పోనీలేరా' అందామని ఉంది. కానీ ముందు అతను అనాలి. నీలిపిడుగు అభిమాని అయ్యుండి తనెలా అంటాడు?

ఇంతలో శుభవార్త! ఇద్దరు హీరోల్నీ కలిపి 'నీలిపిడుగు వర్సెస్ ఉక్కుడేగ' తీశారు. ఎవరు గొప్పో ఇక తేలిపోతుంది. విడుదల రోజు ఏలూరులో ఉదయం ఆటకి నరేంద్ర షాపు మూసేసి వెళ్ళాడు. తన సీట్లో కూర్చుని చూస్తే, మూడు వరసల ముందు నెల్సన్ తల కనపడింది.

ఆ రోజు తెల్లారినప్పట్నుంచీ ఆకాశం నిండా మబ్బు. ఎండ లేని రోజున చెరువులో గాలి తగ్గిపోతుంది. అలాంటి రోజున ఏరేటర్ ఆగితే చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఈ సంగతి కొల్లేరు ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ ఇద్దరికైతే అసలు చెప్పనక్కర్లేదు.

సినిమా ఇంటర్వెల్‌కి దగ్గరపడుతుండగా నరేంద్ర జేబులో షాపు ఫోను మోగింది. చేసింది యేసమ్మ. దెందులూరు దాటాక ఒక చిన్న చెరువు కౌలుకి తీసుకుని శీలావతి, బొచ్చె చేపలు పెంచుతోంది. భర్త పోయాక ఆ చెరువే ఆమెకీ, కూతురు ఏంజెల్‌కీ ఆధారం. వచ్చే వారమే చేపలు పట్టించాలి. నెల్సన్‌ది కూడా ఆమె చర్చే. అతను ఆమెని పిన్నీ అని పిలుస్తాడు.

“నరేంద్ర గారండీ, మా ఏరేటర్ ఆగిపోయిందండీ. స్టార్టరు దగ్గర పొగొచ్చిందండీ. చేపలు అప్పుడే నోళ్ళు తెరుస్తున్నాయండీ,” అంది యేసమ్మ.

తెర మీద ఒక మేడ కూలిపోతోంది. హాలంతా ఈలలు. నరేంద్ర ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని, “బయల్దేరామండీ, దార్లో ఉన్నాం,” అన్నాడు.

అబద్ధం ఆడాలని ఆడలేదు. నోరు ముందెళ్ళిపోయింది. మనసు తర్వాత వెళ్దామనుకుంది.

ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగాయి. నరేంద్ర గబగబా బయటికొచ్చాడు. పాప్‌కార్న్ దగ్గర నెల్సన్ నిలబడి ఉన్నాడు. ఇద్దరి భుజాలూ దాదాపు తగులుతున్నాయి. 'యేసమ్మ గారి చెరువు ఆగిపోయింది, పద' అంటే సరిపోతుంది. ఒక్క ముక్క. నరేంద్ర గొంతు సవరించుకున్నాడు. నెల్సన్ పక్కనున్న పోస్టరుకేసి తిరిగి, అందులో ఉక్కుడేగని దీక్షగా చూస్తున్నాడు.

ఇప్పుడు పలకరిస్తే తనే తగ్గాడనుకుంటాడు. అదీగాక అసలు పోరాటం ఇంకా మిగిలే ఉంది. నీలిపిడుగు గెలిచాక పలకరిస్తే ఆ దర్జాయే వేరు. ఎంతసేపు, ఇంకాస్తేగా! యేసమ్మ గారు ఈలోగా ఏదో చేసుకుంటారు. వీళ్ళకి అలవాటేగా!

ఇలా ఆలోచించి నరేంద్ర లోపలికెళ్ళి కూర్చున్నాడు. ఫోను మళ్ళీ జేబులో కదిలింది. మళ్ళీ కదిలింది. తొడ దగ్గర ఏదో చేపపిల్ల కొట్టుకుంటున్నట్టు అనిపించి, దాన్ని తీసి పక్క సీటులో పెట్టాడు.

చివర్లో ఒక పెద్ద డ్యామ్ తెగి ఊరు మునిగిపోబోతోంది. అంతవరకూ ఒకర్నొకరు చావబాదుకుంటున్న హీరోలిద్దరూ ఆగి, చేతులు కలిపి, నీళ్ళని అడ్డుకుని జనాన్నంతా కాపాడేశారు. ఎవరు గొప్పో తేలలేదు. అది ఇంకో భాగంలో తేలుస్తారట. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

నరేంద్ర కొట్టలేదు. చెయ్యి రాలేదు.

పార్కింగ్‌లో ట్రాలీ ఆటో దగ్గర నెల్సన్‌ని అందుకున్నాడు. “నెల్సన్ గారూ, యేసమ్మ గారి చెరువు...”

“తెలుసండీ,” అన్నాడు నెల్సన్.

“తెలుసా?”

“ఏంజెల్ నాకూ చేసిందండీ, ఇంటర్వెల్‌కి ముందే. స్టార్టరు నా దగ్గర లేదమ్మా, నరేంద్ర గారిని అడగండన్నాను.” నెల్సన్ తాళం చెవి వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. “పాప్‌కార్న్ దగ్గర మీరే వచ్చి అడుగుతారనుకున్నానండీ.”

ఇద్దరూ ఆటో ఎక్కారు. షాపు తెరిచి స్టార్టరు తీసుకున్నారు. తెల్లగీతని ఎవరెటు దాటారో ఎవరూ చూడలేదు. దెందులూరు దాకా ఆటో చప్పుడొక్కటే. సన్నగా తుంపర పడుతోంది.

చెరువు గట్టు మీదికి వెళ్ళేసరికి సగం ఊరు నీళ్ళలో ఉంది. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు ఎత్తి ఎత్తి పోస్తున్నారు. మగవాళ్ళు తాటిమట్టలతో నీళ్ళని బాదుతున్నారు. ఎవరో ఆయిల్ ఇంజను తెచ్చి, పక్క బోదె కాలవలోంచి నీళ్ళు పైకి చిమ్మిస్తున్నారు. యేసమ్మ నడుంలోతు నీళ్ళలో నిలబడి, గంగాళంతో ముంచి పోస్తోంది. ఆవలి ఒడ్డున ఏంజెల్. వాళ్ళ చుట్టూ తెల్లటి పొట్టలు పైకి తేలి చేపలు. గాలివాటుకి అవన్నీ ఒక మూలకి చేరుతున్నాయి.

నెల్సన్ చెప్పులు కూడా విప్పకుండా స్తంభం దగ్గరికి పరిగెత్తాడు. నరేంద్ర స్టార్టరు అందించాడు. పాతది ఊడదీసి కొత్తది బిగించటానికి ఒక టీ తాగేంత సేపు కూడా పట్టలేదు. తెడ్లు తిరిగాయి. నురగ లేచింది. బతికున్న చేపలు ఆ నురగలోకి తోసుకుంటూ వచ్చాయి. లెక్కెవరు కడతారుగానీ, సగానికి పైగా పోయినట్టే ఉన్నాయి.

యేసమ్మ గట్టెక్కి, చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ దగ్గరికొచ్చింది. నరేంద్ర దారంతా తయారుచేసుకున్న మాట బయటికి తీశాడు. “రైలు గేటు పడిందండీ, అందుకనీ...”

“అవునండీ, గేటు పడితే మాత్రం మీరేం చేస్తారండీ! వచ్చారు, అదే పదివేలు,” అంది యేసమ్మ. “ఏంజెలూ, వీళ్ళకి కాస్త టీ పెట్టమ్మా. తడిసిపోయారు.”

తడిసింది ఎవరు? నడుం దాకా నీళ్ళోడుతున్న మనిషి, జుట్టు మీద నాలుగు తుంపర చుక్కలు పడ్డ మనుషుల్ని చూసి ఆ మాటంది. నరేంద్రకి తిట్టి ఉంటే బాగుండుననిపించింది. నాలుగు తిట్లు తింటే చెల్లు అయిపోయేది. ఈవిడ తిట్టటం లేదే!

ఏంజెల్ టీ తెచ్చింది. ఇద్దరి మొహాల్లోకీ చూడకుండా గ్లాసులు చేతుల్లో పెట్టి వెళ్ళిపోయింది. యేసమ్మ గట్టు మీద కూలబడి, తన గ్లాసు ఊదుకుంటూ మెల్లగా అడిగింది.

“సినిమా ఎలా ఉందండీ?”

నరేంద్ర నెల్సన్ కేసి చూశాడు.

“ఫోన్లో వినపడిందండీ. పేద్ద పేద్ద చప్పుళ్ళు, ఈలలు. అంత గోలలో కూడా ఫోనెత్తారు, పాపం,” అంది యేసమ్మ. ఆమె గొంతులో వెటకారం వెతుక్కున్నా దొరకదు. అదే కష్టం.

రెక్కల బరువు మీద, బ్యాటరీ సైజు మీద, ఎడమచేతి దెబ్బ మీద గంటలకొద్దీ మాట్లాడిన నరేంద్ర గ్లాసు దించి గట్టు మీద పెట్టాడు.

“బాగోలేదు పిన్నీ,” అన్నాడు నెల్సన్.

“అదేంటి నాయనా, హీరో రాలేదా?”

“వచ్చాడు పిన్నీ. ఇద్దరూ వచ్చారు.” అన్నాడు నెల్సన్. “టైముకే వచ్చారు.”

“అయితే మంచి సినిమానే,” అంది యేసమ్మ. గ్లాసు కడిగి బోర్లించి, వెదురుబుట్ట తీసుకుని, చచ్చిన చేపలు ఏరటానికి మళ్ళీ నీళ్ళలోకి దిగింది.

ఆ తర్వాత షాపు మళ్ళీ ఒక్కటైంది. ఆమె చెరువులో రెండో ఏరేటర్ ఊరికే పెట్టారు. మిగిలిన చేపలు పట్టించే రోజున ఇద్దరూ వెళ్ళి తలో చెయ్యీ వేశారు. నరేంద్ర, గేటు పడలేదని యేసమ్మతో చెప్పేశాడు కూడా. “ఊరుకోండి, మాకు తెలీదేంటండీ,” అందట ఆవిడ. అవన్నీ తర్వాతి ముచ్చట్లు.

ఆ సాయంత్రం మాత్రం ఇద్దరూ ప్యాంట్లు మోకాళ్ళ పైకి మడిచి చెరువులోకి దిగారు. చచ్చిన చేపలు నీళ్ళలో ఉంటే బతికినవాటికీ ముప్పే. నరేంద్ర ఏరి బుట్టలో వేస్తుంటే, నెల్సన్ మోసుకెళ్ళి గట్టు మీద గుమ్మరిస్తున్నాడు. “ఇటు పట్టరా,” అన్నాడు నెల్సన్ ఒకసారి. నరేంద్ర పట్టాడు. బుట్ట బరువు కన్నా ఆ 'రా' బరువుగా ఉంది.

అప్పుడే గట్టు మీద ఒక స్కూటర్ ఆగింది. పై ఊరి సుబ్బారావు. ఆయనకీ అటువైపు చెరువులున్నాయి. కుప్పగా పోసిన చేపల్ని చూశాడు, నీళ్ళలో ఉన్న యేసమ్మని చూశాడు, ఇద్దరు మిత్రుల్నీ చూశాడు. ఒక కాలు నేల మీద ఆనించి, ఎంతో ఆత్రంగా అడిగాడు.

“ఏవండీ నరేంద్ర గారూ, ఉదయం ఆటకి వెళ్ళారంట గదా! ఇంతకీ ఎవరు గెలిచారండీ?”

నరేంద్ర నడుం నిటారుగా ఎత్తాడు. చేతులనిండా చేపల పొలుసు. “తెలీదండీ. కాస్త దిగి ఓ చెయ్యేస్తారా, చీకటి పడేలోగా అయిపోతుంది.”

“అయ్యో, వేద్దును గానండీ, అర్జెంటు పనిమీద పోతున్నాను,” అన్నాడు సుబ్బారావు. స్కూటర్ ఇంజను మాత్రం ఆపేశాడు. “కాకపోతే ఆ సినిమా మీద నా అభిప్రాయం ఒకటుందండీ. చెప్పమంటారా?”

ఎవరూ చెప్పమనలేదు.

చెప్పాడు. పొద్దువాలేదాకా చెప్పాడు. స్కూటర్ దిగకుండా.